గుంయ్‌మనే సబ్‌వూఫరు: ఒక గ్రౌండ్ లూపును వెతికిన డైరీ

1వ రోజు

హాల్లోని ఆడియో సిస్టమ్‌లో కొన్ని నెలలుగా ఒక సన్నని మోత వినిపిస్తోంది. పగటి సందడిలో అది ఎవరి చెవినా పడదు గాని, రాత్రి ఫ్యాను ఆపి కూర్చున్నాక, ఒక పాట ముగిసి మరొకటి మొదలయ్యే ఆ కాస్త ఖాళీలో, గోడ వెనుక తుమ్మెద ఏదో ఇరుక్కుపోయినట్టు గుంయ్‌మంటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ దానికి అలవాటు పడిపోయాను. ఈ మధ్య సబ్‌వూఫరును, అంటే అడుగు స్వరాల కోసం పెట్టిన స్పీకరును, గది అవతలి మూలకు మార్చాక మోత బాగా పెరిగింది కాబట్టి, దాని సంగతేమిటో తేల్చుకుందామని ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ముందుగా ఒక నియమం పెట్టుకున్నాను: మోత ఏ దారిన వస్తోందో తెలిసేదాకా దాని కోసం ఒక్క వస్తువు కూడా కొనకూడదు.

సిస్టమ్‌లో ఉన్న సామాను ఇది. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న యాంప్లిఫయరు, దానికి రెండు స్పీకర్లు. యాంప్లిఫయరు నుంచి 7 మీటర్ల ఆర్‌సీఏ కేబులు ద్వారా సిగ్నలు అందుకునే సబ్‌వూఫరు. లోపల దానికి సొంత యాంప్లిఫయరు ఉంది, దాని ప్లగ్గు కూడా మూడు పిన్నులదే. యాంప్లిఫయరుకు సరిగ్గా పై అరలో రికార్డు ప్లేయరు. పక్కన టీవీ, కేబుల్ సెట్‌టాప్ బాక్సు. ఈ రెండింటివీ రెండు పిన్నుల ప్లగ్గులు. సెట్‌టాప్ బాక్సు నుంచి ఎర్ర, తెల్ల ప్లగ్గుల మామూలు ఆడియో కేబులు యాంప్లిఫయరుకు వస్తుంది. ఏ ప్లగ్గుకు ఎన్ని పిన్నులో రాసుకోవడం పనిలేని పనిలా కనిపించవచ్చు గాని, ఈ మోత కథంతా ఆ మూడో పిన్ను చుట్టూనే తిరుగుతుంది.

ఈ రోజు చేసిన పరీక్ష ఒక్కటే. యాంప్లిఫయరు వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా తగ్గించి విన్నాను. స్పీకర్లలో మోత దాదాపు పోయింది, సబ్‌వూఫరులో మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. అంటే స్పీకర్లలోకి వచ్చే మోత వాల్యూమ్ నాబ్‌కు ముందే ఎక్కడో చొరబడుతోంది, సబ్‌వూఫరుది నాబ్ దాటాక చేరుతోంది. రికార్డు ప్లేయరు ఇన్‌పుట్‌కు తిప్పి వాల్యూమ్ పెంచినప్పుడు స్పీకర్లలో మోత అన్నిటికన్నా ఎక్కువగా ఉంది, పైగా దాని స్వరం కాస్త వేరుగా, మెత్తగా ఉంది. ఆ తేడాను రాసుకున్నాను గాని అప్పటికి దాని అర్థం తెలియలేదు.

2వ రోజు

చేతులు పెట్టే ముందు కాగితం మీద ఆలోచించుకుందామని కూర్చున్నాను. గ్రౌండ్ లూప్ అన్న మాట అందరూ వాడుతుంటారు గాని, అసలు దోషం ఎక్కడుందో స్పష్టంగా చెప్పేవారు తక్కువ. ఆర్‌సీఏ కేబులులో ఉండేవి రెండే తీగలు: మధ్యలో సిగ్నలు తీగ, చుట్టూ జాలీ అల్లిక, అంటే షీల్డు. ఈ షీల్డుకు రెండు ఉద్యోగాలు. సిగ్నలు తిరిగి వెళ్ళే దారి అదే, రెండు పరికరాల పెట్టెలను కలిపే తీగా అదే. రెండు పెట్టెలూ తమ ప్లగ్గుల ద్వారా గోడలోని ఎర్తుకు కలిసి ఉంటే, ఎర్త్ తీగ, ఒక పెట్టె, కేబులు షీల్డు, రెండో పెట్టె, మళ్ళీ ఎర్త్ తీగ, ఇలా ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ చుట్టులో కొద్దిపాటి కరెంటు పారినా, షీల్డుకున్న రెసిస్టెన్సుతో దాన్ని గుణిస్తే ఎంత వోల్టేజీ వస్తుందో అంతా సిగ్నలుకు తోడవుతుంది. అందుకున్న పరికరానికి ఏది పాటో ఏది మోతో తెలిసే వీలు లేదు.

ఈ కరెంటు రావడానికి ఏదో ఒకటి చెడిపోయి ఉండాలని కూడా లేదు. నిక్షేపంగా పని చేసే పరికరాల్లో కూడా పవర్ లైను వైపు పెట్టిన ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా, ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్సు ద్వారా కొంత కరెంటు ఎర్తులోకి కారుతూనే ఉంటుంది. అది చాలదన్నట్టు, గోడల్లోని వైరింగు చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం మన చుట్టును ట్రాన్స్‌ఫార్మరు చుట్టులా వాడుకుని అందులో వోల్టేజీ పుట్టిస్తుంది. చుట్టు వైశాల్యం ఎంత పెద్దదైతే ఆ వోల్టేజీ అంత ఎక్కువ. సబ్‌వూఫరును దూరం జరిపి వేరే స్విచ్ బోర్డుకు కలిపినప్పుడు మోత ఎందుకు పెరిగిందో ఇక్కడే కొంత అర్థమైంది.

ఫోనులో స్పెక్ట్రమ్, అంటే ఏ స్వరం ఎంత బలంగా ఉందో, చూపించే యాప్ పెట్టి, సబ్‌వూఫరు కోనుకు జానెడు దూరంలో స్టూలు మీద గుర్తు పెట్టి, ఫోనును అక్కడే ఉంచి చూశాను. 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర గీతలు నిటారుగా లేచాయి. మెయిన్స్ 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ఇవే 60, 120, 180 అవుతాయి. ఫోను మైకు ఇంత కింది స్వరాలను సరిగ్గా వినలేదు కాబట్టి ఆ అంకెలకు స్వతంత్రంగా విలువ లేదు. ఒకే చోట, ఒకే ఫోనుతో, మార్పుకు ముందు, తరువాత పోల్చుకోవడానికి మాత్రం చక్కగా పనికొస్తాయి. ఈ రోజు కొలతను సున్నాగా పెట్టుకుంటున్నాను.

3వ రోజు

ఈ రోజు ఒక తప్పు చేసి, దాని వల్ల గంటన్నర పోగొట్టుకున్నాను. సబ్‌వూఫరు కేబులును యాంప్లిఫయరు వైపు పీకి, ఆ కొసను గాలిలో వదిలేసి విన్నాను. మోత పోవడం అటుంచి రెట్టింపు గోల మొదలైంది. కేబులు పాడైందని నిర్ణయానికి వచ్చేసి, దాన్ని అంగుళం అంగుళం వంచి చూశాను. చివరికి వెలిగింది ఏమిటంటే, కొస తెరిచి ఉన్న కేబులు ఏంటెన్నాలాంటిది. సబ్‌వూఫరు ఇన్‌పుట్‌కు అటువైపు ఏ ఆధారమూ లేకపోతే గదిలోని విద్యుత్ క్షేత్రాన్నంతా అది తాగేస్తుంది. ఆ గోలకూ గ్రౌండ్ లూపుకూ సంబంధమే లేదు.

అందుకని ఒక పరీక్ష ప్లగ్గు తయారు చేసుకున్నాను. ఒక ఖాళీ ఆర్‌సీఏ ప్లగ్గు లోపల, మధ్య పిన్నుకూ బయటి రింగుకూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టరును సాల్డర్ చేస్తే చాలు. అటువైపు మామూలు పరికరం ఏదో ఉన్నట్టే ఇన్‌పుట్ అనుకుంటుంది. దీన్ని నేరుగా సబ్‌వూఫరులో పెట్టాను: నిశ్శబ్దం. ఒక చిన్న జాయింటు ముక్కతో 7 మీటర్ల కేబులు కొసకు తగిలించి, కేబులును సబ్‌వూఫరుకు కలిపాను: మళ్ళీ నిశ్శబ్దమే. సబ్‌వూఫరుది తప్పు కాదు, కేబులు మోతను గాలిలోంచి పట్టడమూ లేదు. రెండు పెట్టెలను కలిపినప్పుడే మోత వస్తోంది.

4వ రోజు

ఈ ప్రాజెక్టులో అసలు మలుపు ఈ రోజే వచ్చింది. కేబులును మళ్ళీ యాంప్లిఫయరుకు కలిపి, యాంప్లిఫయరును స్విచ్ ఆఫ్ చేశాను. మోత అలాగే ఉంది. ఇది ఊహించినదే, ఎందుకంటే స్విచ్ ఆఫ్ చేసినా ప్లగ్గు గోడలో ఉన్నంతసేపు ఎర్త్ పిన్ను కలిసే ఉంటుంది. తరువాత యాంప్లిఫయరు ప్లగ్గునే గోడలోంచి పీకేశాను. ఎర్త్ చుట్టు తెగింది కాబట్టి మోత ఆగిపోవాలి. ఆగకపోగా ఒక్కసారిగా పెరిగింది. సబ్‌వూఫరు కోను మీద వేలు ఆనిస్తే అదురు చేతికి తెలిసేంతగా పెరిగింది. ప్లగ్గు పెట్టడం, పీకడం నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే ఫలితం.

చాలాసేపు యాంప్లిఫయరు వెనుక టార్చి పట్టుకుని కూర్చున్నాక అర్థమైంది. యాంప్లిఫయరు ఎర్త్ పిన్ను మోతకు దారి ఇవ్వడం లేదు, మోతలో ఎక్కువ భాగాన్ని తానే మింగి సబ్‌వూఫరును కాపాడుతోంది. ఇంకెక్కడి నుంచో యాంప్లిఫయరు పెట్టెలోకి కరెంటు వస్తోంది. ప్లగ్గు ఉన్నప్పుడు అందులో చాలా వరకు ఆ పిన్ను ద్వారా భూమిలోకి పోతోంది, మిగిలిన కొద్దీ సబ్‌వూఫరు కేబులు షీల్డు మీదుగా సబ్‌వూఫరు ఎర్తుకు చేరుతోంది. ప్లగ్గు పీకేస్తే మొత్తానికీ ఆ షీల్డే గతి. మరి ఆ కరెంటు వచ్చేదెక్కడి నుంచి? యాంప్లిఫయరుకు తగిలి ఉన్న తీగలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని వెళ్ళితే, సెట్‌టాప్ బాక్సు ఆడియో కేబులు, దాని వెనుక ఇంటి బయటి నుంచి వచ్చే కేబుల్ టీవీ వైరు కనిపించాయి. ఆ టీవీ వైరు (మధ్య తీగ, చుట్టూ షీల్డు ఉండే ఈ రకాన్ని కోయాక్స్ అంటారు) స్క్రూ విప్పగానే మోత చప్పున పడిపోయింది. సెట్‌టాప్ బాక్సుకు రెండు పిన్నులే కదా, దానికి ఎర్తే లేదు కదా అని మొదటి రోజు దాన్ని అనుమానితుల జాబితాలోంచి కొట్టేశాను. దాని ఎర్త్ గోడ ప్లగ్గులోంచి కాకుండా, ఎక్కడో దూరాన స్తంభం దగ్గర భూమికి కలిపిన వైరు షీల్డులోంచి వస్తోంది.

సాయంత్రం మా బావ వచ్చి ఈ తీగల గుట్ట చూసి, “ఇంత గోల ఎందుకు బావా, ఆ మూడో పిన్నుకు టేపు చుట్టేయ్, మోత దెబ్బకు పోతుంది” అన్నాడు. “పోతుంది బావా, దానితో పాటు మనమూ పోయే ప్రమాదం ఉంది” అన్నాను. ఇది పరాచికం కాదు. లోపల లైను తీగ ఊడి పెట్టెకు తగిలితే, ఎర్త్ పిన్ను ఉన్నప్పుడు భారీ కరెంటు పారి ఫ్యూజో బ్రేకరో వెంటనే పడిపోతుంది. పిన్ను లేకపోతే ఆ కరెంటంతా సన్నని ఆడియో కేబులు షీల్డు మీదుగా వేరే పరికరం ఎర్తును వెతుక్కుంటుంది. షీల్డు కాలిపోతే ఇక పెట్టె మొత్తం లైవ్‌గా ఉండిపోతుంది. మోత తగ్గించే ఉపాయాల్లో ఎర్త్ తీసేయడాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

6వ రోజు

చెవి చెప్పినది మీటరు చేత కూడా చెప్పించుకుందామని మల్టీమీటరు తీశాను. విప్పిన కోయాక్స్ వైరు షీల్డుకూ యాంప్లిఫయరు పెట్టెకూ మధ్య ఏసీ వోల్టేజీ 0.42 వోల్టు వచ్చింది. సెట్‌టాప్ బాక్సు నుంచి కోయాక్స్, ఆడియో కేబులు రెండూ పీకి, దాని లోహపు భాగానికీ యాంప్లిఫయరుకూ మధ్య కొలిస్తే ఏకంగా 80 వోల్టులు చూపించింది. ఈ రెండు అంకెల్లో ఏది భయపడాల్సినదో అంకె పరిమాణాన్ని చూసి చెప్పలేం.

మీటరు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి, గాలిలో తేలుతున్న వోల్టేజీని కూడా నిజమైనదిగా చూపిస్తుంది. అందుకని మీటరు కొసల మధ్య క్లిప్పులతో రెసిస్టరు పెట్టి, చేయి తగలకుండా మళ్ళీ కొలిచాను. ముందు 100 కిలో ఓమ్‌లు పెడితే ఆ 80 వోల్టులు 9కి పడిపోయాయి. 1 కిలో ఓమ్ పెడితే 0.09 వోల్టే మిగిలింది. అంటే దాని వెనుక ఉన్న కరెంటు ఒక మిల్లీఆంపియరులో పదో వంతు కూడా లేదు. రెండు పిన్నుల పరికరాల పెట్టె మీద వేలు రాస్తే అప్పుడప్పుడు జివ్వుమనేది ఇదే. కోయాక్స్ సంగతి దీనికి తలకిందులు. 1 కిలో ఓమ్ పెట్టినా 0.40 వోల్టు అలాగే నిలబడింది. మీటరును మిల్లీఆంపియర్లకు మార్చి కొలిస్తే 8 మిల్లీఆంపియర్లు పారాయి. చూపుకు చిన్నదైనా బలం ఉన్నది ఇదే. (ఇక్కడ అర వోల్టుకు బదులు పదుల వోల్టులు వచ్చి, రెసిస్టరు పెట్టినా తగ్గకపోతే ఆడియో సంగతి పక్కన పెట్టి ఎలక్ట్రీషియనును పిలవాలి, ఇంటి వైరింగులోనే లోపం ఉండవచ్చు.)

పాత కేబులు షీల్డు రెసిస్టెన్సును కూడా కొలిచాను. మల్టీమీటరు ఓమ్ రేంజి ఇంత తక్కువ విలువల దగ్గర నమ్మదగినది కాదు కాబట్టి, బెంచి పవర్ సప్లై నుంచి షీల్డులోకి 100 మిల్లీఆంపియర్లు పంపి, రెండు కొసల మధ్య వోల్టేజీ చదివాను. 60 మిల్లీవోల్టులు వచ్చాయి, అంటే 0.6 ఓమ్. యాంప్లిఫయరు ప్లగ్గు పీకిన వేళ ఆ 8 మిల్లీఆంపియర్లూ ఈ షీల్డులోంచే పారితే, సిగ్నలుకు తోడయ్యేది 4.8 మిల్లీవోల్టులు. ఇళ్ళలో వాడే పరికరాల లైను లెవెల్, అంటే అవి ఒకదానికొకటి పంపుకునే సిగ్నలు స్థాయి, నామమాత్రంగా 0.316 వోల్టు కాబట్టి, మోత పాట కన్నా 36 డెసిబెళ్ళు మాత్రమే కింద ఉందన్నమాట. కోను అదరడంలో వింత లేదు.

8వ రోజు

కోయాక్స్ దారిని తెంచడానికి రెండు మార్గాలు కనిపించాయి. ఒకటి, కోయాక్స్ వైరులో ఐసొలేటరు పెట్టడం. మధ్య తీగనూ షీల్డునూ రెండింటినీ చిన్న కెపాసిటర్ల ద్వారా కలిపే ఈ ముక్క టీవీ సిగ్నలును పోనిచ్చి 50 హెర్ట్జ్‌ను ఆపుతుంది. కేబుల్ టీవీకి ఇది సరిపోతుంది గాని, డిష్ ఉన్నవారు జాగ్రత్త పడాలి, ఎందుకంటే డిష్ మీద సిగ్నలును అందుకునే ఎల్ఎన్‌బీ అనే భాగానికి పవర్ ఆ వైరులోంచే వెళుతుంది, మామూలు ఐసొలేటరు దాన్ని కూడా ఆపేస్తుంది. రెండో మార్గం, టీవీ వైపు నుంచి యాంప్లిఫయరుకు లోహపు తీగే లేకుండా చేయడం. నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. టీవీకి ఆప్టికల్ ఔట్‌పుట్ ఉంది, నా దగ్గర వాడకుండా పడి ఉన్న చిన్న డీఏసీ (డిజిటల్ సిగ్నలును మామూలు ఆడియోగా మార్చే పెట్టె) ఒకటి ఉంది. కావలసింది ఆప్టికల్ కేబులు ఒక్కటే. 1983లో తోషిబా ప్రవేశపెట్టిన ఈ టాస్‌లింక్ పద్ధతిలో సిగ్నలు ప్లాస్టిక్ పోగులో ఎర్రని వెలుతురుగా ప్రయాణిస్తుంది. వెలుతురుకు ఎర్త్ లేదు, లూపూ లేదు.

కలిపాక మోత తగ్గింది, దానితో పాటు పాటా మాయమైంది. డీఏసీ చచ్చిందేమో అనుకుని కేబులు కొసను అరచేతి మీద పెట్టి చూస్తే ఎర్రటి చుక్క నిక్షేపంగా వెలుగుతోంది. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియో డాల్బీ అనే కుదించిన రూపంలో ఉండడమే కారణం. నా డీఏసీకి పీసీఎం అనే కుదించని రూపం తప్ప మరొకటి అర్థం కాదు. పీసీఎంకు మార్చగానే మాటలు వచ్చాయి. ఒక నష్టం మాత్రం మిగిలింది: ఈ ఔట్‌పుట్ మీద టీవీ రిమోటులోని వాల్యూమ్ పని చేయదు. ఇంట్లో దీనిపై కొంత అసంతృప్తి వ్యక్తమైంది.

స్టూలు మీద ఫోను పెట్టి చూస్తే 50 హెర్ట్జ్ గీత 14 డెసిబెళ్ళు తగ్గింది. స్పీకర్లలో టీవీ ఇన్‌పుట్ మోత పూర్తిగా పోయింది. సబ్‌వూఫరులో మాత్రం రాత్రి వేళ వినబడేంత మిగిలి ఉంది, రికార్డు ప్లేయరు మోతలో మార్పే లేదు.

11వ రోజు

మిగిలిన సబ్‌వూఫరు మోత పుస్తకాల్లో చెప్పే అచ్చమైన గ్రౌండ్ లూప్: మూడు పిన్నుల పరికరాలు రెండు, వేర్వేరు స్విచ్ బోర్డులు రెండు, మధ్యలో పొడవాటి కేబులు. ముందుగా సబ్‌వూఫరు పవర్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డుతో యాంప్లిఫయరు ఉన్న స్విచ్ బోర్డుకే తెచ్చాను. ఈ రెండూ కలిసి తీసుకునే కరెంటు ఆ పాయింటుకు ఏమాత్రం బరువు కాదని ముందే చూసుకున్నాను. తరువాత సిగ్నలు కేబులును ఆ ఎక్స్‌టెన్షన్ తీగ పక్కనే, గోడ వెంట కలిపి నడిపించాను. ఆడియో కేబులును పవర్ తీగకు దూరంగా ఉంచమని అందరూ చెబుతారు కాబట్టి ఇది తప్పులా కనిపిస్తుంది. ఎర్త్ తీగ ఆ పవర్ తీగలోనే ఉంది. సిగ్నలు కేబులు దానికి ఎంత దగ్గరగా నడిస్తే చుట్టు వైశాల్యం అంత తగ్గుతుంది, ఇక లైను, న్యూట్రల్ తీగలు పక్కపక్కనే ఉండడం వల్ల వాటి క్షేత్రాలు చాలా వరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫోనులో మరో 10 డెసిబెళ్ళు తగ్గింది.

ఈలోగా ఒక స్నేహితుడు తన దగ్గర ఉన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టెను ఇచ్చాడు, అగ్గిపెట్టె అంత ఉంటుంది. రెండు వైపులనూ తీగతో కలపకుండా, అయస్కాంత క్షేత్రం ద్వారానే సిగ్నలును దాటిస్తుంది. సబ్‌వూఫరు దగ్గర పెట్టగానే మోత పూర్తిగా ఆగిపోయింది. అయితే పాట పెట్టి వింటే అడుగు స్వరాల బరువు కూడా పోయింది. టోన్ జనరేటరుతో చూస్తే 40 హెర్ట్జ్ నుంచి కిందికి స్వరం పడిపోతూ, వాల్యూమ్ పెంచితే గరగరలాడుతోంది. అంత చిన్న కోరు అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో నిండిపోతుంది, అంటే అయస్కాంతీకరణకు ఇక చోటు మిగలదు. పెద్ద కోరు ఉన్న మంచి ట్రాన్స్‌ఫార్మరు ఈ పని బాగానే చేస్తుంది. చిన్నదాన్ని స్పీకర్లకైతే ఎవరైనా సర్దుకుపోవచ్చు గాని, అడుగు స్వరాల కోసమే పెట్టుకున్న సబ్‌వూఫరుకు దాన్ని తగిలించడం అర్థం లేని పని. తిరిగి ఇచ్చేశాను.

12వ రోజు

కొత్త కేబులు చేసుకున్నాను. లెక్క సులువు: చుట్టులో కరెంటును ఆపలేకపోతే షీల్డు రెసిస్టెన్సును తగ్గించాలి. వీడియోకు వాడే, దట్టమైన రాగి అల్లిక ఉన్న 75 ఓమ్ రకపు (ఇది షీల్డు రెసిస్టెన్సు కాదు) కోయాక్స్ తీసుకున్నాను. ఇక్కడ మొదటి ముక్క దగ్గరే పాఠం నేర్చుకున్నాను: ఇంట్లో మిగిలిపోయిన టీవీ వైరు చూడడానికి ఇలాగే ఉంటుంది గాని, దాని అల్లిక అల్యూమినియంది, సాల్డర్ దాని మీద నీటి బొట్టులా జారిపోతుంది తప్ప పట్టదు.

రాగి అల్లికను కత్తి మొనతో విడదీసి, పోగులన్నీ ఒక పక్కకు లాగి మెలిపెట్టి, ఐరను ఆనించగానే ఫ్లక్స్ పొగ లేచి, వెండిరంగు సాల్డరు పోగుల మధ్యకు పాకిపోయింది. లోపలి తెల్లని ఇన్సులేషను వేడికి మెత్తబడి మధ్య తీగ షీల్డుకు తగలకుండా ఐరను మూడు సెకన్లకు మించి ఉంచలేదు. జాయింటు చల్లారాక లాగి చూశాను, గట్టిగా ఉంది, మెరుస్తోంది. ఆ సంతోషంలో తొడుగు బిగిద్దామని చూస్తే అది బల్ల మీద నన్నే చూస్తోంది. సాల్డర్ చేసే ముందే తొడుగును కేబులుకు ఎక్కించుకోవాలన్నది ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు, ప్రతివాడూ మరచిపోతాడు. మళ్ళీ కోసి, మళ్ళీ మొదలుపెట్టాను.

కొత్త కేబులు షీల్డు 0.08 ఓమ్. పాతదానితో పోలిస్తే ఏడున్నర రెట్లు తక్కువ కాబట్టి మోత 17.5 డెసిబెళ్ళు తగ్గాలి. కొలవబోతే గది శబ్దంలో గీతే కనబడలేదు. సబ్‌వూఫరు గెయిన్‌ను చివరిదాకా పెంచి పాత కేబులు, కొత్త కేబులు మార్చి మార్చి చూస్తే తేడా 15 డెసిబెళ్ళు వచ్చింది. ఆ రెండున్నర ఎక్కడికి పోయిందంటే, షీల్డు రెసిస్టెన్సు తగ్గినప్పుడు మొత్తం చుట్టు రెసిస్టెన్సూ తగ్గి కరెంటు కొంచెం పెరుగుతుంది. లెక్క తప్పిన తీరు కూడా లెక్కకు సరిపోవడం ముచ్చటగా అనిపించింది.

16వ రోజు

ఇక రికార్డు ప్లేయరు. గ్రౌండ్ లూపులన్నీ తెగాక కూడా దీని మోత మారలేదంటే ఇది వేరే జబ్బు అయి ఉండాలి. ముందు రికార్డు ప్లేయరు సన్నని ఎర్త్ తీగను చూశాను. యాంప్లిఫయరు వెనుక స్క్రూ కింద గట్టిగానే ఉంది. దాన్ని విప్పితే మోత భయంకరంగా పెరిగింది, బిగిస్తే పాత స్థాయికి వచ్చింది. కాబట్టి ఆ తీగ తన పని తాను చేస్తోంది.

తరువాత సూదిని రికార్డు మీద దించకుండా, సూదిని మోసే టోన్ ఆర్మ్‌ను చేత్తో మెల్లగా అంచు నుంచి మధ్యకు జరుపుతూ విన్నాను. జరుగుతున్న కొద్దీ మోత పెరిగింది. ఎర్త్ లూపు మోతకు టోన్ ఆర్మ్ ఎక్కడున్నదీ పట్టదు. ఇది స్థలాన్ని బట్టి మారుతోంది. యాంప్లిఫయరులోని పవర్ ట్రాన్స్‌ఫార్మరు సరిగ్గా ఆ దిక్కునే, కింది అరలో ఉంది. దాని అయస్కాంత క్షేత్రాన్ని, సూది అదురును సిగ్నలుగా మార్చే కార్ట్రిడ్జిలోని తీగచుట్టలు నేరుగా పట్టుకుంటున్నాయి. మొదటి రోజు వినబడిన మెత్తటి స్వరానికి అర్థం ఇదే: యాప్‌లో 50, 150 హెర్ట్జ్ గీతలు తప్ప పైన పెద్దగా ఏమీ లేవు, లూపు మోతలో ఉండే పదునైన బర్రుమనే పై స్వరాలు ఇందులో లేవు.

ఇంత చిన్న దోషం ఇంత పెద్దగా వినబడడానికి కారణం ఫోనో స్టేజీ, అంటే యాంప్లిఫయరులో రికార్డు ప్లేయరు సిగ్నలును పెంచే భాగం. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేదే దాదాపు 5 మిల్లీవోల్టులు. దాన్ని 1 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 40 డెసిబెళ్ళు పెంచుతారు. రికార్డు కోసేటప్పుడు అడుగు స్వరాలను తగ్గించి కోస్తారు కాబట్టి, వినేటప్పుడు దాన్ని సరిచేసే ఆర్ఐఏఏ ఈక్వలైజేషను 50 హెర్ట్జ్‌ను దాని మీద మరో 17 డెసిబెళ్ళు పెంచుతుంది. మొత్తం 57 డెసిబెళ్ళు, అంటే ఏడు వందల రెట్లు.

మందు మాత్రం డబ్బా కొనాల్సినది కాదు. రికార్డు ప్లేయరును రెండు చేతులతో పైకెత్తి, వింటూనే పక్కకు జరిగాను. రెండు జానలు జరిగేసరికి మోత కరిగిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి దూరం పెరిగితే ఈ క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది; దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు. అర మార్చి, యాంప్లిఫయరుకు 60 సెంటీమీటర్ల పక్కన పెట్టాను. ఇంకా దూరం పెట్టవచ్చు గాని అప్పుడు పొడవాటి కేబులు కావాలి, కేబులు కెపాసిటెన్సు పెరిగితే ఈ రకం కార్ట్రిడ్జి పై స్వరాల తీరు మారిపోతుంది. అందుకని ఉన్న 1 మీటరు కేబులు అందే చోటుతోనే ఆగాను.

24వ రోజు

కోయాక్స్ షీల్డు ఇంటి ఎర్తుకు ఎక్కడా కలిసి లేదన్న సంగతి మనసులో ఉండిపోయింది. మోత కన్నా పిడుగులు పడే రోజుల్లో అది ప్రమాదం. కేబుల్ వారికి చెబితే మనిషిని పంపించారు. వైరు ఇంట్లోకి వచ్చే చోట షీల్డును క్లాంపుతో పట్టి, మందమైన తీగతో ఇంటి మెయిన్ ఎర్త్ బిందువుకు కలిపి వెళ్ళాడు. మళ్ళీ కొలిస్తే యాంప్లిఫయరుకూ కోయాక్స్ షీల్డుకూ మధ్య 0.42 వోల్టు ఉన్నది 6 మిల్లీవోల్టులకు పడింది.

డెబ్బై రెట్లు తగ్గిందంటే ఆప్టికల్ కేబులు ఇక అక్కర్లేదేమో, టీవీ రిమోటు వాల్యూమ్ వెనక్కి ఇచ్చేయవచ్చేమో అనిపించింది. పాత ఎర్ర, తెల్ల కేబులును సెట్‌టాప్ బాక్సుకు, 7 మీటర్ల పాత కేబులును సబ్‌వూఫరుకు తిరిగి తగిలించి, సబ్‌వూఫరు పవర్‌ను కూడా అవతలి బోర్డుకే మార్చి విన్నాను. మోత తిరిగి వచ్చింది, ఆప్టికల్‌కు మారక ముందున్న దానిలో సుమారు సగం. వోల్టేజీ అంత పడినా మోత సగమే ఎందుకు తగ్గిందంటే, ఇంతకు ముందు ఆ వోల్టేజీ వెనుక భూమిలోని 50 ఓమ్‌ల పైచిలుకు రెసిస్టెన్సు అడ్డుగా ఉండేది. ఇప్పుడు దారి అంతా రాగి తీగే, ఒకటి రెండు ఓమ్‌లకు మించి ఉండదు. వోల్టేజీతో పాటు అడ్డూ పోయింది కాబట్టి, షీల్డులో పారే కరెంటు ఆశించినంత తగ్గలేదు. ఎర్తింగు బాగు చేస్తే మోత పోతుందన్న మాట నేనూ నమ్మినవాడినే.

ఆప్టికల్ కేబులును, రాగి అల్లిక కేబులును తిరిగి పెట్టి, సబ్‌వూఫరు ప్లగ్గును యాంప్లిఫయరు బోర్డుకు తెచ్చాను. పాత కేబుళ్ళను చుట్ట చుట్టి, పరీక్ష ప్లగ్గుతో పాటు డబ్బాలో వేశాను. టీవీ వాల్యూమ్ కోసం యాంప్లిఫయరు రిమోటును సోఫా చేతి మీదికి మార్చాను.